పొలము పనికి టార్చిలైటు – ఎన్నిక, పరీక్ష, వాడుక

రాత్రి వేళ పొలమునకు పోవు రైతునకు చేతికర్ర, కాళ్ళకు బూట్లు, చేతిలో దీపము – ఈ మూడును కావలయును. వంతు నీరు రాత్రి వచ్చినను, మోటారుకు కరెంటు రాత్రి అందినను, కోసిన పంట కళ్ళములో నున్నను, ఈనవలసిన గేదె కొట్టములో నున్నను రైతు చీకటిలో తిరుగక తప్పదు. పూర్వము ఈ పనికి లాంతరు, ఆ తరువాత రెండు మూడు సెల్లుల టార్చి ఉపయోగపడుచుండెను. ఇప్పుడు అరచేతిలో ఇమిడి, వెయ్యి ల్యూమెన్లకు పైగా వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. టార్చిలు దొరకుచున్నవి. బల్బులో తీగె కాలు పాత రెండు సెల్లుల టార్చి వెలుగు సుమారు 15, 20 ల్యూమెన్లు మాత్రమే. ఇంత శక్తి గల దీపము దినదినము పొలము పనికి అక్కరకు వచ్చునా? వచ్చినచో దానిని ఎట్లు ఎన్నుకొనవలెను, ఎట్లు పరీక్షింపవలెను, ఎట్లు వాడవలెను? ఈ విషయములను ఇచట తెలుపుచున్నాము.

చీకటిలోని ప్రమాదము

మన దేశములో 2000 నుండి 2019 వరకు గల 20 సంవత్సరములలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది, అనగా ఏటేట సగటున 58,000 మంది మరణించినట్లు 2020 లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము అంచనా వేసినది. ఈ మరణములలో అత్యధిక భాగము పల్లెలలోనివే. సుమారు సగము జూన్ నుండి సెప్టెంబరు వరకు గల వాన నెలలలోనివి. ఈ నష్టము హెచ్చుగా గల రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశము కూడ ఒకటి.

కట్లపాము రాత్రియందే సంచరించును. అది కరచినచో పెక్కు సార్లు నొప్పి గాని వాపు గాని తెలియదు. రక్తపింజర ఎండుటాకుల రంగులో కలిసిపోయి, మనిషి వచ్చు అలికిడికి తొలగిపోక, గట్టుపై కదలక పడియుండును. కాలు పడినప్పుడు కరచును. దీపము పామును తరుమదు. కాలు మోపక మునుపే దానిని మనకు చూపును, అంతే. కాబట్టి దీపము వెలుగు ఎంత దూరము పోవునను దానికంటె, మన కాలి ముందు నాలుగైదు గజముల నేలను ఎంత స్పష్టముగా చూపునను దానినే మొదట గమనింపవలెను.

అట్టపెట్టె మీది అంకెలు

టార్చి అట్టపెట్టె మీద నాలుగు విధముల అంకెలుండును. వీని అర్థము తెలిసికొనకున్న రైతు మోసపోవును.

మొదటిది ల్యూమెన్లు. దీపము నుండి వెలువడు మొత్తము వెలుగునకు ఇది కొలత. అదే వెలుగును ఇరుకైన కిరణముగా కూర్చినచో దూరము పోవును. విశాలముగా పరచినచో దగ్గర నేలనంతటిని చూపును. నీటి కాలువ వెంట నడచువానికి రెండవదే మేలు.

రెండవది దూరము. ఈ కొలతకు 2009 లో అమెరికాలో ఎఫ్.ఎల్. 1 అను ప్రమాణము ఏర్పడినది. దాని ప్రకారము '200 మీటర్లు' అనగా, 200 మీటర్ల దూరమున పడు వెలుగు పౌర్ణమి వెన్నెలపాటిగా నుండునని మాత్రమే అర్థము. అచట పామును గుర్తించుట కాదుగదా, మనిషిని పోల్చుటయు కష్టమే. వెలుగు దూరపు వర్గమును బట్టి తగ్గును. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగును. దూరము సగమైనచో వెలుగు నాలుగు రెట్లగును. కనుక ముద్రించిన దూరములో సగము వరకే పనికివచ్చునని లెక్క వేసికొనుట మంచిది. ఈ కారణముచేతనే దూరమును రెట్టింపు చేయవలెనన్న కిరణపు తీవ్రత నాలుగు రెట్లు కావలెను.

మూడవది వెలుగు నిలుచు కాలము. పై ప్రమాణము ప్రకారము, మొదటి వెలుగు పదవ వంతునకు పడిపోవు వరకు పట్టు కాలమును ముద్రింతురు. '1000 ల్యూమెన్లు, 3 గంటలు' అని యున్నంత మాత్రమున మూడు గంటలును వెయ్యి ల్యూమెన్లు వచ్చునని తలంపరాదు. మొదటి కొద్ది నిమిషముల తరువాత వెలుగు తగ్గి, మిగిలిన కాలమంతయు తక్కువ వెలుగే యుండవచ్చును.

నాలుగవది సెల్లు నిలువ. ఇట్టి టార్చిలలో తరచుగా 18650 అను లిథియం సెల్లు ఉండును. దాని అడ్డుకొలత 18, పొడవు 65 మిల్లీమీటర్లు. మంచి సెల్లులలో సాధారణముగా 2000 నుండి 3600 మిల్లియాంపియర్ గంటల వరకు నిలువ యుండును. ఈ పరిమాణపు సెల్లు మీద 6000 అనియు, 9900 అనియు వ్రాసియున్నచో అది అబద్ధమని గ్రహించి విడిచిపెట్టవలెను.

సెల్లు లెక్క

నీటి తొట్టి నిండుగా నున్నను, తూము పూర్తిగా తెరచినచో త్వరగా ఖాళీ యగును. సెల్లు విషయమును ఇంతే. 3000 మిల్లియాంపియర్ గంటలనగా 3 ఆంపియర్ గంటలు. దీనిని 3.6 వోల్టులచే హెచ్చవేసినచో 10.8 వాట్ గంటలు వచ్చును. మంచి ఎల్.ఇ.డి. టార్చి ఒక వాటునకు సుమారు 100 ల్యూమెన్ల వెలుగునిచ్చును. కావున –

1000 ల్యూమెన్ల వెలుగున సుమారు 1 గంట,
300 ల్యూమెన్ల వెలుగున సుమారు మూడున్నర గంటలు,
100 ల్యూమెన్ల వెలుగున సుమారు 10 గంటలు

ఆ సెల్లు పనిచేయును. రాత్రంతయు నీరు పెట్టవలసిన రైతు మొదటి వరుసలోని వెలుగును వాడినచో, అర్ధరాత్రి కాకమునుపే చీకటిలో మిగులును. మూడవ వరుస ప్రకారము వాడినచో తెల్లవారు వరకు దీపముండును. శక్తి గల టార్చి గొప్పతనము దానిని ఎల్లప్పుడు పూర్తిగా వెలిగించుటలో లేదు. తక్కువ వెలుగున దీర్ఘకాలము పనిచేసి, కావలసిన క్షణమున మాత్రము పెద్ద వెలుగునిచ్చుటలోనే యున్నది.

ఖర్చు సంగతి కూడ చూతము. ఇట్టి సెల్లును 100 పర్యాయములు ఛార్జి చేసినను రెండు యూనిట్ల కరెంటునకు మించదు.

వాడి చూచిన అనుభవము

ఒక సెల్లుతో పనిచేయు వెయ్యి ల్యూమెన్ల టార్చిని వరి, వేరుశనగ పొలములలో కొన్ని రాత్రులు వాడి చూచితిమి. పూర్తి వెలుగున కొద్ది నిమిషములకే దాని ఒడలు వేడెక్కెను. పిమ్మట వెలుగు దానంతటదే తగ్గెను. ఇది లోపము కాదు, ఎల్.ఇ.డి. మాడిపోకుండ చేసిన ఏర్పాటు. నీరున్న మడిలో పెద్ద వెలుగు నీటిపై పడి తిరిగి కంటిలో కొట్టినందున గట్టు అంచు సరిగా కనబడలేదు. దీపమార్పిన పిమ్మట కొంతసేపు ఏమియు కానరాలేదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. పెద్ద వెలుగు ఆ అలవాటును ఒక్క క్షణములో చెరచును. నడకకు 100 ల్యూమెన్లు, మడవ కట్టునపుడును పంపు చూచునపుడును 300 ల్యూమెన్లు చాలినవి. దూరమున అలికిడి యైనప్పుడు, గట్టు తెగినదేమో చూడవలసినప్పుడు మాత్రమే పూర్తి వెలుగు అవసరమయ్యెను.

మరియొక సంగతి. దీపమును తలకు కట్టుకొన్నచో నేల చదునుగా కనబడును. నడుము దగ్గర పట్టుకొని కొంచెము ఏటవాలుగా వేసినచో రాతికి, గుంటకు, పామునకు నీడ పడి అవి త్వరగా గుర్తునకు వచ్చును. మంచు కురియు రాత్రులందును ఇట్లు క్రిందుగా పట్టుటయే మేలు. నీలిఛాయ గల తెలుపు కంటె కొంచెము పసుపుఛాయ గల తెలుపు మంచిది. దానికి పురుగులు తక్కువగా ముసరును.

కొనుటకు ముందు, కొన్న తరువాత పరీక్షలు

1. చేతులు తడిపి, కన్నులు మూసికొని మీట వెదకుడు. తడి చేతికి అందని మీట పొలమునకు పనికిరాదు. మొదటి నొక్కునకు తక్కువ వెలుగు వచ్చునది మేలు.

2. ఒక కర్రకు తెల్లగుడ్డ కట్టి గట్టుపై నాటి, 25, 50, 100 మీటర్ల నుండి చూడుడు. ఆ తరువాత గుడ్డకు మారుగా మట్టిరంగు త్రాటిని గట్టుపై వేసి, ఐదు మీటర్ల నుండి తక్కువ వెలుగున చూడుడు. త్రాడు స్పష్టముగా కానవచ్చినచో ఆ దీపము నడకకు తగినది.

3. సెల్లును పూర్తిగా ఛార్జి చేసి, సాయంకాలము ఇంటి వద్ద తక్కువ వెలుగున వెలిగించి, ఎన్ని గంటలు నిలుచునో వ్రాసికొనుడు. ఆరు నెలలకొకసారి ఇట్లు చేసినచో సెల్లు ముసలిదగుట తెలియును.

4. అట్టపెట్టె మీద ఐ.పి.ఎక్స్. 7 అని యున్నచో, మీటరు లోతు నీటిలో అరగంట యున్నను లోనికి నీరు పోరాదు. ఛార్జి రంధ్రపు మూత బిగించి బకెట్టు నీటిలో ఉంచి చూడవచ్చును. ఐ.పి.ఎక్స్. 4 అని యున్నది వాన తుంపరకు మాత్రమే ఓర్చును. దానిని నీటిలో ముంచరాదు.

జాగ్రత్తలు

లిథియం సెల్లులో నిప్పు దాగియుండునని మరువరాదు. పరుపు మీద, గడ్డివాము వద్ద, అందరును నిద్రించునపుడు ఛార్జి చేయరాదు. విడి సెల్లును తాళపుచెవులతో, చిల్లర నాణెములతో కలిపి జేబులో వేసికొనరాదు. ఉబ్బిన సెల్లును, పైపొర చినిగిన సెల్లును వాడరాదు. ఎండలో ట్రాక్టరు మీద టార్చిని వదలరాదు. జేబులో పొరపాటున వెలిగినచో గుడ్డ మాడును. కావున వాడనప్పుడు వెనుక మూతను కొంచెము వదులు చేసి ఉంచవలెను. పాడైన సెల్లును నిప్పులో గాని చెఱువులో గాని వేయక, పాత బ్యాటరీలు తీసికొను చోట అప్పగింపవలెను.

కిరణమును ఎవరి కన్నులలోను, ఎదురు వచ్చు బండివాని మీదను వేయరాదు. టార్చి చేతిలో నున్నదను ధైర్యముతో రాత్రి వేళ స్టార్టరు పెట్టె విప్పి మరమ్మతు చేయబోవుట ప్రాణాపాయము. కాళ్ళు తడిగా నున్నప్పుడు దాని జోలికే పోరాదు.

పాము కరచినచో కోయుట, పీల్చుట, గట్టిగా కట్టు కట్టుట చేయక, కరచిన కాలు కదలకుండ బద్ద కట్టి, 108 బండిని పిలిచి, విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. నొప్పి లేదని ఆలస్యము చేయరాదు.

పైరును చూచుటకు ఉపయోగము

పొగాకు లద్దెపురుగు పగలు మట్టిపెళ్ళల క్రింద దాగి, రాత్రి ఆకును తినును. వరిలో కంకి కత్తిరించు పురుగు పగలు దుబ్బు మొదట నుండి, చీకటి పడిన తరువాత పైకెక్కి కంకులను తెంపును. పగలు పైరు చూచి పురుగు కానక మందు విషయమై సందేహపడు రైతు, రాత్రి తొమ్మిది గంటలకు టార్చితో పొలములో నాలుగు చోట్ల చూచినచో నిజము తెలియును. అనవసరపు మందు ఖర్చు తప్పును; అవసరమైనచో సకాలమున చల్లవచ్చును.

గ్రామాధికారులును, వ్యవసాయ విస్తరణ సిబ్బందియు రైతు సమావేశము ముగిసిన సాయంకాలమున ఊరి గట్టు మీద ఈ పరీక్షలను చేసి చూపినచో, రైతులు అంకెలకు భ్రమపడక తమకు తగిన దీపమును తామే ఎన్నుకొనగలరు. వానకాలము రాకమునుపే ప్రతి రైతును తన టార్చిని, సెల్లును ఒకసారి సరిచూచుకొనవలెను. ఒక మడి తడి ఆలస్యమైనను మరునాడు పెట్టుకొనవచ్చును. చీకటిలో తప్పటడుగు పడినచో దానిని దిద్దుకొనుటకు వీలుండదు.