కార్ల పందేలలో పిట్ సిబ్బంది రక్షణ - మన రహదారికి ఒక పాఠం

వేగం ఈ యుగానికి ప్రధాన లక్షణం. గెలిచినవాని మెడలో పడిన హారాన్ని లోకం చూస్తుంది గాని, అతని చక్రాన్ని బిగించిన చేతులను చూడదు. ఆ చేతులకు రక్షణ ఎవరు కల్పించాలి? పనివాని జాగ్రత్తకే దానిని విడిచిపెట్టాలా, లేక నియమమే కల్పించాలా? అమెరికా దేశపు కార్ల పందేలలో ఈ ప్రశ్నపై దశాబ్దాలుగా వాదోపవాదాలు జరిగాయి. జాతీయ రహదారి ప్రక్కన జీవిస్తున్న కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల విద్యార్థులకు ఈ చర్చ దూరపు ముచ్చటగా తోచవచ్చును. కాని పరిశీలించి చూచినచో ఇది మన ఇంటి వాకిటి విషయమేనని తెలియగలదు.

పిట్ అనగా నేమి?

చూపులకు అంగడిలో కొనే కార్లవలె ఉండే వాహనాలతో జరిగే పోటీని స్టాక్ కార్ పందెం అంటారు. అమెరికాలో వీటిని నిర్వహించే ప్రధాన సంస్థ నాస్కార్. ఇది 1948లో ఏర్పడింది. పందెం వందల మైళ్ళు సాగుతుంది కనుక కార్లు నడుమ నడుమ ఆగి టైర్లు మార్చుకొని, ఇంధనం నింపుకోవాలి. బాట ప్రక్కన ఇందుకై ఏర్పరచిన స్థలమే పిట్. అక్కడ ఒక పొట్టి గోడ ఉంటుంది. కారు రాగానే సిబ్బంది ఆ గోడను దాటి ముందుకు ఉరుకుతారు. ఒకడు జాకీతో కారును పైకెత్తుతాడు. మరికొందరు పాత చక్రాలు ఊడదీసి కొత్తవి బిగిస్తారు. ఇంకొకడు ఇంధనం నింపుతాడు. ఇదంతా పది పదిహేను సెకన్లలో ముగియాలి. ఆ కొద్ది సెకన్లలో వారి వెనుకనుండే ఇతర కార్లు వచ్చి పోతూ ఉంటాయి.

నియమం పుట్టిన విధం

చాలాకాలం పిట్ బాటలో వేగానికి పరిమితి లేదు. ఎవరు ఎంత వేగంగా లోనికి వచ్చి, ఎంత వేగంగా బయటకు పోగలిగితే వారికి అంత లాభం. 1990 నవంబరు 18న అట్లాంటాలో జరిగిన పందెంలో లోనికి వస్తున్న ఒక కారు అదుపు తప్పి గిర్రున తిరిగి, ఆగివున్న బిల్ ఎలియట్ కారును ఢీకొన్నది. ఆ కారు వెనుక చక్రం మారుస్తున్న పనివాడు రెండింటి నడుమ నలిగి మరణించాడు.

ఆ దుర్ఘటన తరువాత, 1991 పందేల ఆరంభంలో, హెచ్చరిక పసుపు జెండా ఎగురుతున్నప్పుడు, అనగా కార్లన్నీ నెమ్మదిగా గుంపుగా సాగుతున్నప్పుడు, టైర్లు మార్చరాదని మొదట ఒక నిబంధన పెట్టారు. అందువలన పిట్‌లో రద్దీ తగ్గిన మాట నిజమే. కాని అరిగిన టైర్లతోనే కారును నడపవలసిన పరిస్థితి కలిగితే అపాయం పిట్ నుండి బాట మీదికి మారుతుంది తప్ప తొలగిపోదు. కొద్ది వారాలలోనే ఆ నిబంధన సడలింది. దానికి బదులుగా పిట్ బాటలో వేగపరిమితి వచ్చింది. అదే నేటికీ నిలిచివుంది.

వేగం తగ్గిస్తే పందెంలో పస పోతుందని ఒక అభ్యంతరం ఉన్నది. దీనికి సమాధానం సులభమే. ఒక్కడు మాత్రమే నెమ్మదిస్తే అతడు ఓడిపోతాడు. అందరూ ఒకే కొలతకు నెమ్మదిస్తే ఎవరికీ నష్టం లేదు. ఒంటరి మనిషి జాగ్రత్తకు పందెంలో శిక్ష పడుతుంది. అందరికీ వర్తించే నియమం మాత్రమే ఆ శిక్షను తొలగించగలదు. ఈ చర్చకంతటికీ ఇదే మూలసూత్రం. 2002 నుండి గోడ దాటే సిబ్బందికి శిరస్త్రాణం తప్పనిసరి కావడం, 2005 నుండి పిట్ బాటలో వేగాన్ని విద్యుత్ పరికరాలతో కొలవడం ఈ సూత్రానికి కొనసాగింపే.

అయిదు నట్ల వివాదం

నియమం వ్రాసివుంటే చాలదు, దానిని చూచే కన్ను ఉండాలి. ఇందుకు చక్కని నిదర్శనం 2016 నాటి వివాదం. అప్పటి నాస్కార్ కార్ల చక్రానికి అయిదు నట్లు ఉండేవి. అయిదూ బిగించారా లేదా అని దగ్గర నిలిచి చూచే అధికారులను 2015లో పిట్ బాటనుండి తప్పించి, కెమెరాలతో పర్యవేక్షణ ప్రారంభించారు. నట్ల లెక్కను మాత్రం జట్ల విజ్ఞతకే విడిచారు. ఒక నట్టు విడిచిపెడితే సెకనులో కొంత భాగం కలిసివస్తుంది. కనుక కొన్ని జట్లు నాలుగింటితోను, అంతకు తక్కువతోను కార్లను పంపసాగాయి.

2016 ఏప్రిల్‌లో టోనీ స్టీవర్ట్ అనే ప్రసిద్ధ చోదకుడు ఈ పద్ధతిని బహిరంగంగా విమర్శించాడు. సంస్థ అతనికి 35,000 డాలర్ల జరిమానా విధించింది. కాని కొద్ది రోజులు గడవకముందే అన్ని నట్లూ బిగించి తీరాలనే నిబంధనను ఆ సంస్థే తిరిగి తెచ్చింది. చెప్పినవానికి జరిమానా, చెప్పినమాటకు ఆమోదం! 2022లో వచ్చిన కొత్త కారులో చక్రానికి నడుమ ఒకే ఒక నట్టు ఉండే ఏర్పాటు చేశారు. దానితో కొన్ని నట్లు బిగించి కొన్నిటిని విడిచే అవకాశమే లేకుండా పోయింది.

మన దగ్గర పిట్ ఎక్కడ ఉంది?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల వీథి బాటపై సాగిన ఆ పోటీలో ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ పందెంలో టైర్లు మార్చే విరామం లేదు. కాని టైర్లు మార్చే మన పిట్ బాట వేరొకటి ఉన్నది. అది శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి. కామారెడ్డిని ఆనుకొని పగలూ రేయీ లారీలు సాగిపోయే ఈ రహదారి వెంబడి పంక్చరు దుకాణాలు, మరమ్మతు షెడ్లు వెలసినవి. లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బాటలో వరి, చెరకు మోసే ట్రాక్టర్లు ఆగిపోయినప్పుడు పానాలు పట్టుకొని వెళ్ళేదీ ఇట్టివారే. ఉస్తాదు, అతని వద్ద పని నేర్చుకొనే ఇద్దరు ముగ్గురు పిల్లలు: ఇదే వారి జట్టు. విద్యార్థులారా, మీలో కొందరి అన్నలు, మేనమామలు ఈ వృత్తిలో ఉన్నారు. మీ చదువుకు కట్టిన రుసుములో ఆ జాకీ పట్టిన చేతుల చెమట కలిసివుంది.

పిట్ సిబ్బందికి గోడ ఉంది, వేగపరిమితి ఉంది, శిరస్త్రాణం ఉంది. రోడ్డు అంచున కూర్చుని చక్రం ఊడదీసే మన పనివానికి వీటిలో ఏది ఉంది? వెనుక నాలుగు రాళ్ళు, ఒక చెట్టుకొమ్మ. ఆ రాళ్ళైనా ఎంత దూరాన ఉండాలో ఒకసారి లెక్క కట్టండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. లారీ చోదకుడు చూచి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడితే 22 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు ప్రతి సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తుందనుకొంటే, ఆగడానికి మరి 49 మీటర్లు కావాలి. మొత్తం 71 మీటర్లు. నాలుగడుగుల దూరాన పెట్టిన రాయి ఎవరిని కాపాడగలదు? వేగం 40 కిలోమీటర్లే అయితే ఈ దూరం 23 మీటర్లకు దిగుతుంది. వేగం సగమైతే తాకిడి శక్తి నాలుగవ వంతు అవుతుందని మీ భౌతికశాస్త్ర పాఠమే చెబుతున్నది. పైగా పని ముగిసిన తరువాత రోడ్డుమీదనే విడిచిన రాళ్ళు రాత్రివేళ మోటారు సైకిలు మీద వచ్చే మరొకరికి మృత్యువులవుతున్నవి.

రెండవ అపాయం గాలిలో ఉన్నది. కారు టైరులో సుమారు 30, 35 పౌండ్ల ఒత్తిడి ఉంటే, లారీ టైరులో అది 100 పౌండ్లు దాటుతుంది. రింగు సరిగా కూర్చోని చక్రంలో గాలి నింపేటప్పుడు ఆ రింగు ఎగిరి తగిలితే ప్రాణమే పోవచ్చు. అందుచేతనే అమెరికాలో 1980 నుండి ఇట్టి చక్రాలను ఇనుప పంజరంలో ఉంచి గాలి నింపాలని పనిస్థలాల నిబంధన ఉన్నది.

‘మా ఉస్తాదు ముప్పై ఏళ్ళనుండి ఇలాగే చేస్తున్నాడు, ఏమీ కాలేదు’ అని కొందరు అంటారు. ఉస్తాదు నేర్పు గొప్పదే. కాని వెనుకనుండి వచ్చే లారీ చోదకుని నిద్రను ఉస్తాదు నేర్పు ఆపలేదు. మరి కొందరు ఖర్చు మాట ఎత్తుతారు. ఒక్క దుకాణమే ఖర్చు పెట్టి ధర పెంచితే గిరాకీ ప్రక్క దుకాణానికి పోతుందన్న వారి భయం న్యాయమైనదే. అందుకే ఇది ఒక్కొక్క దుకాణం విడిగా చేయదగిన పని కాదు. రహదారి వెంట ఉన్న పనివారంతా కలిసి ఒకే కట్టుబాటుకు రావాలి. పదిమందికి తక్కువగా పనిచేసే చిన్న షెడ్లకు సాధారణంగా ఇ.ఎస్.ఐ. సౌకర్యం అందదు. కనుక ప్రమాదం జరిగిన పిదప దిక్కు వెదకుటకంటె ముందుగా నివారించుకొనుటయే మేలు.

మనం చేయదగినది

కళాశాల పాలకవర్గం వారికి ఈ సందర్భంలో మూడు మనవులు. జాతీయ సేవా పథకం విద్యార్థులచే కామారెడ్డి, ఎల్లారెడ్డి బాటల వెంబడి ఉన్న షెడ్లను సందర్శింపజేసి, వెలుగును ప్రతిఫలించే చొక్కాలు, మడిచి పెట్టుకొనే హెచ్చరిక త్రిభుజాలు వారికి అందేటట్లు చూడవచ్చును. గాలి నింపే పంజరాన్ని కొన్ని దుకాణాలు కలిసి ఒకటి చేయించుకొనేటట్లు ప్రోత్సహించవచ్చును. విద్యార్థులకు, ఆ పనివారికి కలిపి ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించవచ్చును. గాయపడినవారిని సద్భావంతో ఆదుకొన్న వ్యక్తికి 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ కల్పించిందని కూడ అందరికీ తెలియజెప్పాలి. భయంతో తప్పుకొనిపోయే అవసరం ఇక లేదు.

విద్యార్థులు చేయదగిన పని ఇంకొకటి ఉన్నది. ఈసారి మీ అన్న షెడ్డుకు వెళ్ళినప్పుడు బిగించిన చక్రానికి నట్లు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే మర్యాదగానే అడగండి. అక్కడ అట్లా అడిగినవానికి జరిమానా పడింది. మన దగ్గర ఒక కసురు పడవచ్చు. అయినా అడగడం మానవద్దని కోరుతున్నాను.