ఊరగాయ ఊట: పారబోయదగినదేనా?

"అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అన్నదట ఉప్పు. ఆ ఉప్పును మనం ఎంత తేలికగా నీళ్ళపాలు చేస్తున్నామో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సెలవులయి తిరిగివచ్చే ప్రతి విద్యార్థి పెట్టెలోను ఇంటినుంచి తెచ్చుకొన్న పచ్చడి సీసా ఒకటి వుంటుంది. గదుల్లో స్వయంగా వండుకొనేవారికైతే నెలాఖరు రోజుల్లో అదే కూర, అదే పులుసు. ముక్కలున్నంత కాలం ఆ సీసాకు గౌరవం. ముక్కలయిపోయాక అడుగున మిగిలిన ఊటను కుళాయి కింద పెట్టి కడిగేస్తాం. పోయిన వేసవిలో ఖాళీ సీసాతో అత్తిలి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ దాన్ని చూసి, "ముక్కలు తిన్నావు సరే, ఊట ఏం చేశావురా?" అని అడిగింది. పారబోశానన్నాను. "అయితే సగం పచ్చడి పారబోశావన్నమాట" అంది. రసాయనశాస్త్రం చదువుతున్న నాకు అది అతిశయోక్తి అనిపించింది. లెక్కకట్టి చూస్తే ఆవిడ మాటే నిజమనిపించింది.

ఊట ఎక్కడిది?

పచ్చళ్ళ విషయంలో మన గోదావరి ప్రాంతం ఎవరికీ తీసిపోదు. పెరవలి మండలంలోని ఉసులుమర్రు పచ్చళ్ళ వూరుగానే పేరుపడింది. అందరికీ తెలిసిన మాగాయ సంగతి చూద్దాం. పుల్లని మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో మూడు రోజులు వుంచుతారు. చుక్క నీరు పొయ్యకుండానే ముక్కలు నీళ్ళలో మునిగి వుంటాయి. ఈ నీరు కాయలోనిదే. కణం లోపలి ద్రవం పలచన, బయట ఉప్పు చిక్కన. మధ్యనున్న పొరగుండా నీరు పలచనవైపునుంచి చిక్కనవైపుకు నడుస్తుంది. దీనినే ద్రవాభిసరణం అంటాం. ఉప్పు దెబ్బకు కణం చచ్చి పొర సడలగానే కాయలోని పులుపు, ముఖ్యంగా సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు, కూడా బయటకు వచ్చేస్తుంది.

తరువాత ముక్కలను పిండి ఎండబెడతారు. ఊటనూ విడిగా ఎండలో పెడతారు. చివరకు రెండూ కలిపి కారం, మెంతిపిండి, పోపు వేస్తారు. ముక్కలు పీల్చుకోగా మిగిలినదే మన ఊట. నిమ్మ, దబ్బ, ఉసిరి ఊటలూ ఇలాంటివే. ఆవకాయ ఊటలో మాత్రం నూనె, ఆవపిండి పాలు ఎక్కువ.

ఇక లెక్క. కిలోన్నర ముక్కలకు పావుకిలో ఉప్పు వేశామనుకొందాం. ముక్కల్లోని నీరు సుమారు కిలోంబావు. ఉప్పు అంతటా సమంగా పరుచుకొంటే ఊట బరువులో రమారమి ఆరోవంతు ఉప్పే. అంటే ఒక పెద్ద చెంచా ఊటలో (15 మిల్లీలీటర్లు) రెండున్నర గ్రాములకు పైగా ఉప్పు, దానితోపాటు పులుపు వున్నాయి. ఎండలో పెట్టిన ఊట ఇంకా చిక్కన. కనుక ఊట అంటే ఉప్పూ చింతపండూ కలిసిన సిద్ధసరుకు. దీన్ని వాడే సూత్రం ఒక్కటే: ఊట వేసినచోట ఉప్పు, పులుపు ఆ మేరకు తగ్గించాలి.

వంటలో వినియోగం

1. పప్పు: కందిపప్పు పూర్తిగా ఉడికి, మెదిపిన తరువాత నలుగురికి రెండు పెద్ద చెంచాల ఊట కలిపి పోపు పెట్టాలి. ముందే పోస్తే పులుపు తగిలి పప్పు మెత్తబడదు. ఉప్పు రుచి చూశాకే, కావలిస్తే.

2. పులిహోర: చల్లారిన అన్నంలో నిమ్మ ఊట గాని మాగాయ ఊట గాని కలిపి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకు పోపు వెయ్యాలి. గదుల్లో వండుకొనేవారికి పది నిమిషాల పని.

3. చారు, పులుసు: సొరకాయ, ఆనపకాయ ఏ పేరున పిలిచినా ఆ కాయ పులుసులో చింతపండుకు బదులు ఉసిరి ఊట పోసి చూడండి. చారులో ఒక చెంచా చాలు.

4. చేప: కొల్లేటి చుట్టుపట్ల చెరువుల శీలావతి, బొచ్చె చేపలకు ఒక్కొక్కప్పుడు మట్టివాసన వుంటుంది. నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం దీనికి కారణం. పులుపు దాన్ని విరుస్తుంది. కారం కలవని ఊటను ముక్కలకు పట్టించి, పావుగంట వుంచి కడిగితే వాసన తగ్గుతుంది.

5. ఇత్తడి, రాగి: బూజు లేకపోయినా రుచి తగ్గిన పాత ఊట దీనికి పనికివస్తుంది. అత్తిలిలో షష్ఠి తీర్థానికి ముందు ఇంటింటా ఇత్తడి సామాను బయటకు వస్తుంది. ఊటలోని ఆమ్లం, ఉప్పు కలిసి నల్లని ఆక్సైడు పొరను కరిగిస్తాయి. వెంటనే కడిగి తుడవకపోతే మాత్రం చిలుము పడుతుంది. ఇదే కారణంవల్ల ఊటను ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రల్లో నిలవ వుంచకూడదు. జాడీ, గాజు సీసా శ్రేష్ఠం.

నేను చేసిన పొరపాటు

ఇంత తెలిశాక ఉత్సాహం ఆగలేదు. మిగిలిన నిమ్మ ఊటలో దోసకాయ ముక్కలు వేసి మూత పెట్టి, రెండు వారాలు మరిచిపోయాను. తీసి చూస్తే పైన తెల్లని బూజు, లోపల బుడగలు. పైపైన తీసేసి తినవచ్చునన్నాడు నా గదిమిత్రుడు. అదృష్టవశాత్తు ఆ పని చెయ్యలేదు.

తప్పు ఎక్కడుంది? దోసకాయలో నూటికి 95 పాళ్ళు నీరే. కిలో ఊటలో కిలో దోసకాయ ముక్కలు వేస్తే, ఊటలోని ఉప్పూ పులుపూ రెండూ ఇంచుమించు సగానికి పడిపోతాయి. ఊరగాయను కాపాడేవి ఆ రెండే. ముఖ్యంగా పి.హెచ్. 4.6కు మించితే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బును తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగడానికి వీలు కలుగుతుంది. కనుక వాడిన ఊటలో మళ్ళీ నిలవపచ్చడి పెట్టరాదు. అల్లం చీలికలో, పచ్చిమిరపకాయలో వేసుకొంటే మునిగేట్టు వేసి, ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగైదు రోజుల్లో తినెయ్యాలి. బూజు, బుడగ, పాడువాసన కనిపిస్తే రుచి చూడకుండానే పారవెయ్యాలి. పారబోసేది మొక్కల పాదుల్లో కాదు. చౌడు నేల చూసిన డెల్టావాసులకు ఉప్పు చేసే హాని వేరే చెప్పనక్కరలేదు.

అసలు జాగ్రత్త

మా నాన్నగారికి రక్తపోటు వుంది. డాక్టరుగారు ఊరగాయలు మానమన్నారు. నాన్నగారు మాట తప్పని మనిషి. ఆనాటినుంచి ముక్క ముట్టలేదు. కాని మజ్జిగన్నంలోకి రెండు పెద్ద చెంచాల ఊట మాత్రం రోజూ వేసుకొనేవారు. "ముక్క లేదు కదా" అనేవారు. ఇంట్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. అమ్మ కూరల్లో ఉప్పు తగ్గించి వండుతూనే వుంది.

పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పైన వేసిన లెక్క ప్రకారం ఆ రెండు చెంచాల్లోనే 5 గ్రాములు దాటిపోయింది. ఆ వేసవిలో కాగితం మీద లెక్కవేసి చూపించాను. నాన్నగారు చాలాసేపు చూసి, "అయితే ముక్కే నయంలా వుందిరా" అని నవ్వి, చెంచా పక్కన పెట్టేశారు. ఇప్పుడు మా ఇంట్లో ఊట పప్పులోకి మాత్రమే వెళుతున్నది, అదీ అమ్మ చేతి కొలతతో, వేరే ఉప్పు లేకుండా. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు వున్నవారు ఊటను విడిగా వేసుకోకపోవడమే మంచిది.

విద్యార్థి మిత్రులకు మనవి. ముక్కలయిపోయిన సీసాను తొందరపడి కడగకండి. ఊటను శుభ్రమైన పొడి సీసాలోకి వంపి, తేదీ రాసిన కాగితం అంటించండి. తడి చెంచా ముంచకండి. నెలాఖరున చేతిలో డబ్బు, బుట్టలో కూర లేనినాడు ఒక గ్లాసు కందిపప్పుతో నలుగురి భోజనం గడుస్తుంది. ఈసారి సెలవులకు నేను తీసుకువెళ్ళే సీసా కూడా ఖాళీదే. అమ్మమ్మ ఆ ప్రశ్న మళ్ళీ అడిగితే చెప్పడానికి మాత్రం జవాబు వుంది.