క్యాను మూత రబ్బరు, కంప్యూటరు ప్లగ్-ఇన్లు

(సంఘాల కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు ఒక పాఠము)

క్యాను ఎంత తోమినా మూత రబ్బరు ఊడదీసి కడగకపోతే పాలు పులుస్తాయని మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట చూసేది ఆ రబ్బరునే. సంఘాలలో కంప్యూటర్లు వచ్చిన తరువాత అటువంటి రబ్బరును ఇంకొకదానిని చూడవలసిన పని మాకు తగిలింది. దాని సంగతే ఈ పాఠము.

ప్లగ్-ఇన్ అంటే ఏమిటి?

ఇంటర్నెట్టు పేజీలను చూపించే ప్రోగ్రామును బ్రౌజరు అంటారు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఈ జాతివి. బ్రౌజరు తనకు తానుగా చేయలేని పనిని చేయించుటకు దానికి తగిలించే చిన్న ప్రోగ్రామే ప్లగ్-ఇన్. వీడియోలకు, ఆటలకు ఫ్లాష్ ప్లేయరు, కొన్ని ఆఫీసుల ఫారాలకు జావా చాలా ఏళ్ళు వాడుకలో ఉండేవి. వీటిని తయారుచేసేది బ్రౌజరు కంపెనీ కాదు, వేరే కంపెనీలు. కనుక బ్రౌజరు కొత్తదే అయినా, దానికి తగిలించినది పాతదైతే దొంగ ఆ సందులోనుండే లోపలికి వస్తాడు. ఆ సందును పూడ్చుటకు తయారీదారు పంపే సవరణనే అప్‌డేట్ అంటారు.

ఆలస్యం చేస్తే ఏమౌతుంది?

ఆపిల్ కంపెనీ వారి మాక్ కంప్యూటర్లలో జరిగినది చూడండి. జావాలో ఉన్న ఒక లోపానికి ఒరాకిల్ సంస్థ 2012 ఫిబ్రవరిలో సవరణ ఇచ్చింది. మాక్‌లకు మాత్రం ఆ సవరణ ఆపిల్ ద్వారా రావలసి ఉండి, ఏప్రిల్ మొదటి వారంలో గాని రాలేదు. ఈ నడుమ ‘ఫ్లాష్‌బ్యాక్’ అనే దొంగ ప్రోగ్రాము 6 లక్షలకు పైగా మాక్‌లలో చేరింది. యజమానులు ఏ మీటా నొక్కనక్కరలేదు. చెడ్డ పేజీ తెరిస్తే చాలు.

ఇంకొక విశేషం గమనించండి. అంతకు ముందు 2011లో ఇదే దొంగ, ఫ్లాష్ ప్లేయరు వేషంలో వచ్చి, తనను ఎక్కించుకొమ్మని మనుషులనే అడిగాడు. అంటే రావలసిన అప్‌డేట్ రాకపోవడం ఒక ద్వారం, రాని అప్‌డేట్ వచ్చిందని నమ్మడం రెండవ ద్వారం. రెండింటికీ గడియ వేయాలి.

మేము చూసిన ఒక సంగతి

2022లో ఒక సంఘంలో బిల్లుల ముందురోజు సాయంత్రం, టెస్టరుగా ఉన్న కుర్రవాడు ఏదో పేజీ తెరవగా ‘మీ ఫ్లాష్ ప్లేయరు పాతబడినది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని కనబడింది. మంచిదే కదా అని నొక్కాడు. ఆ తరువాత బ్యాంకు పేజీ తెరిస్తే వేరే పేజీలు రావడం మొదలైంది. డబ్బు పోలేదు గాని, చెల్లింపులు ఆపి, పాల రిజిస్టరు చూసి చేతితో బిల్లులు వ్రాయవలసి వచ్చింది. ఉత్పత్తిదారులకు మూడు రోజులు ఆలస్యంగా డబ్బు అందింది. దాణా కొట్టు వాడికి మాట ఇచ్చిన వారికి ఆ మూడు రోజులు ఎంతటివో మనకు తెలుసు.

అందరూ కుర్రవాడినే తిట్టారు. మాకు మనసొప్పలేదు. నిజానికి ఫ్లాష్ ప్లేయరుకు అప్‌డేట్లు 2020 డిసెంబరు 31తోనే ఆగిపోయినవి. ఆ మాట అతనికి చెప్పిన వారు లేరు. కంప్యూటరు ఎవరి బాధ్యతో మినిట్సు బుక్కులో ఒక్క తీర్మానమూ లేదు. తప్పు పాలకవర్గానిదని మా తనిఖీ నివేదికలో వ్రాశాము.

చేయవలసిన పనులు

1. చచ్చినవి తీసివేయండి. క్రోమ్ 2015లోను, ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్ ఒక్కటి తప్ప మిగిలిన వాటికి 2017లోను, పాత తరహా ప్లగ్-ఇన్లను మానివేసినవి. సిల్వర్‌లైట్‌కు 2021 అక్టోబరుతో మద్దతు ముగిసింది. ఇవి మీ యంత్రంలో ఇంకా ఉంటే, విండోస్ ప్రోగ్రాముల పట్టికలోనుండి తొలగించండి. తయారీదారు వదిలేసిన దానికి అప్‌డేట్ అంటూ ఉండదు.

2. బ్రతికి ఉన్నవి లెక్కపెట్టండి. నేడు ప్లగ్-ఇన్ల చోట ఎక్స్‌టెన్షన్లు వచ్చినవి. వాటి అప్‌డేట్లు తమంతట తామే వస్తాయి, అది మేలే. కాని ‘ది గ్రేట్ సస్పెండర్’ అనే ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో, అందులో హానికరమైనది ఉన్నదని గూగుల్ దానిని నిలిపివేసింది. కనుక పనికి కావలసిన వాటినే ఉంచి మిగిలినవి తీసివేయడం క్షేమం.

3. పేజీలో కనబడిన అప్‌డేట్ మీటను నొక్కవద్దు. బ్రౌజరు మెనూలో సహాయం క్రింద ‘గురించి’ అనే చోట చూస్తే, అప్‌డేట్ ఉంటే అక్కడే తెలుస్తుంది.

4. బ్రౌజరును మూసి తెరవండి. రోజుల తరబడి తెరచి ఉంచితే, దిగిన అప్‌డేట్ కూడా అమలుకు రాదు.

5. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. క్రింది నేల గుల్లబారితే పైన ఎన్ని సవరణలు చేసినా నిలువదు. మీ యంత్రం సంగతి పాలకవర్గంలో చర్చించండి.

రిజిస్టరు

ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: ప్రోగ్రాము పేరు, ఎందుకు కావాలి, చూసిన తేదీ, చూసినవారి సంతకం. నెలకొకసారి, బిల్లుల రోజు కాని రోజున, పావుగంట కేటాయించండి. ‘ఎందుకు కావాలి’ అన్న గడి ఖాళీగా మిగిలితే ఆ ప్రోగ్రామును తీసివేయండి. ఈ పని ఎవరిదో పేరుతో సహా తీర్మానం చేయండి.

ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు మేము మూత రబ్బరుతో పాటు ఈ నోటుబుక్కును కూడా అడుగుతాము. సిద్ధంగా ఉంచగలరు.