పెద్ద ముల్లు, చిన్న ముల్లు

మన అచ్యుతాపురంలో వెనకటికి పొద్దును బట్టే పని. బారెడు పొద్దెక్కితే పొలానికి పోయేవారు. పొద్దు నడినెత్తికి వస్తే అంబలి తాగేవారు. ఇప్పుడలా కాదు. ఆర్థిక మండలిలో ఫ్యాక్టరీలు వచ్చాయి. బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీల్లోనే వేలమంది ఆడవాళ్ళు పని చేస్తున్నారు. షిఫ్టు బస్సు టైముకి వస్తుంది, టైముకి పోతుంది.

తల్లి షిఫ్టుకి పోయింది. ఇంట్లో మామ్మ, ఏడేళ్ళ మనవరాలు ఉన్నారనుకోండి. మామ్మకి గడియారం చూడటం రాదు.

"టైమెంతయిందో సూడే పాపా!"

"ఎనిమిదీ యాభై, మామ్మా."

"ఓలమ్మో! బడికి టైమైపోనాది. పరిగెట్టు!"

పాప అన్నం తినకుండానే పరిగెత్తింది. బడికి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఎందుకంటే అప్పుడు టైము ఏడూ యాభై. ఎనిమిదీ యాభై కాదు.

పాపకి అంకెలు వచ్చు. ఐదో ఎక్కం వచ్చు. మరి పొరపాటు ఎక్కడ జరిగింది? ఏడూ యాభైకి చిన్న ముల్లు ఎనిమిదికి బాగా దగ్గరగా ఉంటుంది. పాప దాన్ని చూసి ఎనిమిది అనుకుంది. ఈ వయసు పిల్లలు చాలామంది ఇలాగే పొరబడతారు. దానికి వాళ్ళని తిట్టకండి. చిన్న ముల్లు ఎలా నడుస్తుందో వాళ్ళకి ఎవరూ చూపలేదు, అంతే.

పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే 60 నిమిషాలు. ఆ గంటసేపట్లో చిన్న ముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకి మెల్లగా జరుగుతుంది. ఏడున్నరకి అది ఏడు మీద ఉండదు, ఎనిమిది మీదా ఉండదు. రెండింటికీ నడుమ ఉంటుంది. అది పక్క అంకెను ముట్టేదాకా పాత గంటే లెక్క.

బడుల్లో అట్టముక్కతో గడియారం చేస్తారు. దానికి రెండు ముళ్ళు గుచ్చుతారు. మంచి పనే. కానీ అందులో ఒక లోపం ఉంది. అట్ట గడియారంలో ఏ ముల్లు దారి దానిది. పెద్ద ముల్లును తిప్పితే చిన్నది కదలదు. పిల్లలు చిన్న ముల్లును ఏడు మీదే ఉంచి, పెద్దదాన్ని పది మీద పెట్టి, "ఏడూ యాభై" అంటారు. గోడ గడియారంలో ముళ్ళు అలా ఉండవు. అందుకే అట్ట మీద వచ్చినది గోడ మీద రాదు.

ఇక్కడ ఫోను పనికొస్తుంది. తెర మీద గడియారం బొమ్మ ఉంటుంది. పాప పెద్ద ముల్లును వేలితో తిప్పితే చిన్న ముల్లు కూడా తనంతట తానే జరగాలి. పక్కనే 7:50 అని అంకెల్లో పడాలి. తప్పు పెడితే మళ్ళీ పెట్టమంటుంది. పదిసార్లు తప్పినా విసుక్కోదు. పెద్దలమైన మనకి అంత ఓపిక ఎక్కడిది?

అయితే అన్ని పాఠాలూ ఒకటి కావు. పిల్లల చేతికిచ్చే ముందు మీరే ఒకసారి తిప్పి చూడండి. ఏడున్నర పెట్టినా చిన్న ముల్లు ఏడు మీదే నిలబడి ఉంటే ఆ పాఠం వద్దు. అది తప్పు నేర్పుతుంది. జీకాంప్రి అని పిల్లల ఆటల యాప్ ఒకటుంది. ఫ్రెంచి భాషలో ఆ మాటకి "నాకు అర్థమైంది" అని అర్థం. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. అందులో ముళ్ళు తిప్పి, అడిగిన టైము పెట్టే ఆట ఉంది. 2017లో మొదలైన దీక్షలో బడి పాఠాలు ఉన్నాయి. మన రాష్ట్రంలో చాలా ప్రాథమిక బడులకి 2023లో స్మార్ట్ టీవీలు కూడా ఇచ్చారు. గడియారం పాఠం చూపించమని టీచరమ్మని అడగండి.

ఫోను లేదా? పాత గోడ గడియారం దింపండి. దాని వెనక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే రెండు ముళ్ళూ కలిసే తిరుగుతాయి. ఖర్చు లేని పాఠం అదే.

ఫోను ఇచ్చేసి వదిలేయకండి. పక్కన కూర్చోండి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకి ఒక గంటకి మించి తెర చూడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. గడియారం నేర్చే ఏడేళ్ళ పిల్లకైనా పది నిమిషాలు చాలు. ఆ పాఠాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. మీరు తెలుగులో చెప్పండి. 7:15 అంటే ఏడుంబావు. 7:30 ఏడున్నర. 7:45 ఏడు ముప్పావు. దాన్నే పావు తక్కువ ఎనిమిది అని కూడా అంటాం. ఈ చివరి మాట మన పాపకి బాగా పనికొస్తుంది. ఎనిమిది ఇంకా కాలేదని ఆ మాటలోనే ఉంది.

మామ్మని కూడా కూర్చోబెట్టండి. ఆమెకి లెక్క తెలియదని అనుకోవద్దు. పంచాంగం లెక్కలో రోజుకి 60 గడియలు. గడియకి 24 నిమిషాలు. జాముకి మూడు గంటలు. గడియారం అన్న మాటలో గడియ ఉంది కదా! ముళ్ళు కొత్త కావచ్చు, కాలం లెక్క ఆమెకి కొత్త కాదు.

"ఫోనులో అంకెలు కనబడతాయి కదా, ముళ్ళెందుకు?" అని కొందరు అడుగుతారు. అంకెలు ఇప్పుడు ఎంతయిందో చెబుతాయి. ఇంకా ఎంతసేపు ఉందో ముళ్ళు కంటికి చూపిస్తాయి. డాక్టరు ఎనిమిది గంటలకోసారి మందు వేయమన్నారు. ఉదయం ఆరింటికి వేస్తే తరువాత ఎప్పుడు? ముల్లును ఎనిమిది అంకెలు జరిపితే మధ్యాహ్నం రెండు. మరో ఎనిమిది జరిపితే రాత్రి పది. ఏడేళ్ళ పిల్ల కూడా చెప్పేస్తుంది.

ఇక ఈ లెక్క చేయండి. ఎలమంచిలి స్టేషనులో రైలు టైము 17:40 అని రాసి ఉందనుకోండి. రైలు వాళ్ళ రోజుకి 24 గంటలు. 17లో 12 తీసేయండి. మీ ఇంటి నుంచి స్టేషనుకి ఆటోలో ముప్పావు గంట పడుతుంది. రైలు అందాలంటే ఎన్ని గంటలకి బయలుదేరాలి? ఆ టైముకి ముళ్ళు తిప్పి చూపమని పిల్లల్ని అడగండి. అప్పుడు చిన్న ముల్లు ఏ అంకెకి దగ్గరగా ఉంది? గంట ఎంత అని చదవాలి?