ఆకాశహర్మ్యాలు – నిర్మాణ రహస్యం

పాఠ్యభాగ ఉద్దేశం: ఎత్తైన భవనాన్ని చూచినవారికి దాని ఎత్తు కనిపిస్తుంది. ఆ ఎత్తును నిలబెట్టిన గణితం, సామగ్రిని పైకి చేర్చిన యంత్రం, ఆ రెండింటి వెనుకనున్న మానవ బాధ్యత కంటికి కనిపించవు. ఈ మూడింటినీ విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

ఎత్తుగా కట్టాలనే కోరిక మానవునికి కొత్తది కాదు. ఆలయ గోపురాలు, కోట బురుజులు, విజయస్తంభాలు ఆ కోరికకు సాక్ష్యాలు. అయితే ఆ కట్టడాలలో మనుషులు అంతస్తుపై అంతస్తుగా నివసించలేదు. వేలమంది పనిచేయడానికి, నివసించడానికి అనువైన ఎత్తైన భవనం పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదంలో అమెరికాలోని షికాగో, న్యూయార్క్ నగరాలలో రూపుదిద్దుకుంది. దానికే ఆకాశహర్మ్యమని పేరు. అటువంటి హర్మ్యం మూడు పరీక్షలకు నిలవాలి. తన బరువును తాను మోయాలి. గాలి తాకిడికి తట్టుకోవాలి. తన అవయవాలన్నింటినీ నేలనుండి శిఖరం దాకా ఎత్తించుకోవాలి. మొదటి రెండింటిని గురించి అందరూ ఆలోచిస్తారు. మూడవది తరచుగా మరుగున పడుతుంది. నిజానికి ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఒకేసారి, పునాది తవ్వకముందే, కాగితం మీద సిద్ధం కావాలి.

బరువు

పూర్వకాలపు భవనాలలో గోడలే బరువును మోసేవి. అంతస్తులు పెరిగేకొద్దీ కింది గోడల మందం పెరగక తప్పదు. షికాగోలో 1891లో పూర్తయిన మొనాడ్నాక్ భవనపు ఉత్తర భాగం ఇందుకు మంచి ఉదాహరణ. 16 అంతస్తుల ఆ ఇటుక కట్టడానికి నేలవద్ద గోడల మందం దాదాపు 6 అడుగులు. అదే పద్ధతిలో ఇంకా ఎత్తుకు పోతే కింది అంతస్తులలో గోడలే తప్ప గదులు మిగలవు.

ఈ చిక్కుకు పరిష్కారం అదే నగరంలో అప్పటికే మొదలయింది. విలియం లె బారన్ జెన్నీ అనే ఇంజనీరు 1885లో పూర్తయిన 10 అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనానికి లోహపు స్తంభాలతో, దూలాలతో ఒక చట్రాన్ని రూపొందించాడు. శరీరాన్ని అస్థిపంజరం మోసినట్లు బరువులో అధిక భాగాన్ని ఆ చట్రమే మోసింది. ఈ పద్ధతి స్థిరపడిన తరువాత గోడ కేవలం ఎండవానల నుండి కాపాడే తెరగా మారింది. తాడు తెగినా కింద పడిపోని లిఫ్టును ఎలీషా ఓటిస్ 1850 దశకంలోనే ప్రదర్శించి ఉండడం వల్ల పై అంతస్తులకు చేరడమూ సులభమయింది. 1931లో ప్రారంభమైన న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం 102 అంతస్తులతో, 381 మీటర్ల ఎత్తుతో ఈ ఉక్కు చట్రపు పద్ధతికి పరాకాష్ఠగా నిలిచింది.

గాలి

బరువు కిందికి నొక్కుతుంది. గాలి పక్కకు నెడుతుంది. తక్కువ ఎత్తు భవనానికి గాలి పెద్ద లెక్క కాదు. ఎత్తు పెరిగేకొద్దీ అదే ప్రధాన శత్రువు అవుతుంది. వెడల్పు మారకుండా భవనపు ఎత్తు రెట్టింపయితే, దానిని మొదలువద్ద వంచజూసే ప్రభావం నాలుగు రెట్లవుతుంది. పైకి పోయేకొద్దీ గాలి వేగం కూడా పెరుగుతుంది కనుక వాస్తవంలో అది అంతకంటె ఎక్కువే. అంతేకాదు, భవనాన్ని దాటిపోయే గాలి దాని వెనుక ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు సుడులను పుట్టిస్తుంది. ఆ సుడుల లయ భవనపు సహజమైన ఊపుతో కలిసిందంటే, సమయం చూసి తోసిన ఉయ్యాల వలె ఊపు క్రమంగా పెరిగిపోతుంది.

ఈ శత్రువును ఎదుర్కోవడానికి కొత్త దారి చూపినవాడు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఆయన 1929లో ఢాకాలో జన్మించాడు. 1952లో ఉన్నత విద్యకై అమెరికా వెళ్లి, ఆ తరువాత షికాగోలోని స్కిడ్మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ సంస్థలో చేరాడు. చట్రాన్ని మరింత బరువుగా చేయడానికి బదులు ఆయన దాని రూపాన్నే మార్చాడు. స్తంభాలను భవనపు వెలుపలి అంచున దగ్గర దగ్గరగా నిలిపి, దూలాలతో బిగించి, భవనమంతటినీ ఒక గొట్టంగా భావించాడు. వెదురు బొంగు లోపల బోలుగా ఉన్నా గాలికి సులభంగా విరగదు. పదార్థమంతా అంచున ఉండడమే దాని బలం. ఖాన్ భావనలోని బలమూ అదే.

1969లో పూర్తయిన షికాగోలోని జాన్ హాన్‌కాక్ భవనానికి ఆయన ఈ గొట్టంపై పెద్ద పెద్ద ఏటవాలు ఉక్కు కమ్మీలను అడ్డదిడ్డంగా కాక, క్రమబద్ధమైన గుణకార చిహ్నాల వలె అమర్చాడు. ఫలితం అంకెలలో కనిపిస్తుంది. ఎంపైర్ స్టేట్ భవనంలో చదరపు మీటరు అంతస్తుకు దాదాపు 206 కిలోల ఉక్కు పట్టగా, 100 అంతస్తుల హాన్‌కాక్ భవనంలో దాదాపు 145 కిలోలే పట్టింది. 1974 నాటికి పూర్తయిన 442 మీటర్ల సియర్స్ టవర్‌లో తొమ్మిది చదరపు గొట్టాలను ఒక కట్టగా కట్టి, వేర్వేరు ఎత్తులలో ముగించాడు. 2009 నుండి దానిని విల్లిస్ టవర్ అని పిలుస్తున్నారు. ఖాన్ 1982లో మరణించినా, ఎత్తైన భవనాల రూపకల్పనలో ఆయన వేసిన బాట నేటికీ చెదరలేదు.

ఎత్తే యంత్రం

కాగితం మీద ఎంత చక్కని రూపం గీసినా, ప్రతి స్తంభమూ ప్రతి దూలమూ పైకి చేరితే తప్ప భవనం కాదు. ఆ పని క్రేన్‌ది. క్రేన్ సూత్రం మన పల్లెల్లోని ఏతాన్ని పోలి ఉంటుంది. ఏతానికి ఒక కొసన నీటి బాన, రెండవ కొసన బరువు ఉన్నట్లే, టవర్ క్రేన్‌కు ఒకవైపు సరుకును ఎత్తే పొడవైన చేయి, రెండవవైపు కాంక్రీటు దిమ్మెల ప్రతిభారం ఉంటాయి. చేయి మీద సరుకు ఎంత దూరం జరిగితే క్రేన్ ఎత్తగల బరువు అంత తగ్గుతుంది. పది మీటర్ల దూరంలో 20 టన్నులు ఎత్తగల క్రేన్ నలభై మీటర్ల దూరంలో 5 టన్నులకు మించి ఎత్తలేదు. అందువల్ల ఉక్కు భాగాలను ఎంతెంత ముక్కలుగా తయారుచేయాలనేది ఇంజనీరు ఒక్కడే నిర్ణయించేది కాదు. క్రేన్ సామర్థ్యం కూడా నిర్ణయిస్తుంది.

క్రేన్ ఎంపికలో స్థలం మరొక ముఖ్యాంశం. విశాలమైన ఆవరణలో అడ్డంగా చాచిన స్థిరమైన చేయి గల క్రేన్ చాలు. ఇరుకైన నగరవీథిలో అటువంటి చేయి పొరుగు భవనాల మీదుగా తిరుగుతుంది. అక్కడ చేతిని పైకి మడుచుకోగల క్రేన్ అవసరం. భవనంతోపాటు క్రేన్ కూడా పెరగాలి. ఇందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది, క్రేన్ స్తంభాన్ని భవనం వెలుపల నిలిపి, కొన్ని అంతస్తులకొకసారి ఉక్కు పట్టెలతో భవనానికి బంధించడం. రెండవది, క్రేన్‌ను భవనం మధ్యనే నిలిపి, అంతస్తులు లేచేకొద్దీ జాకీల సాయంతో తనను తాను పైకి ఎత్తుకొనేట్లు చేయడం. రెండు పద్ధతులలోనూ క్రేన్ తాకిడిని మోసేది నిర్మాణంలో ఉన్న భవనమే. కనుక ఆ భారాన్ని భవనపు రూపకల్పనలోనే లెక్కకట్టాలి.

న్యూయార్క్‌లో 1960 దశకం చివర ఆరంభమై, 2001లో ఉగ్రవాదుల దాడికి నేలకూలిన ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట భవనాలు రూపకల్పనకూ క్రేన్‌కూ గల ఈ బంధానికి ఉదాహరణ. వాటి వెలుపలి గోడలను మూడు స్తంభాల వెడల్పు, మూడంతస్తుల ఎత్తు గల ఉక్కు పలకలుగా కర్మాగారంలో తయారుచేశారు. ఆ బరువైన పలకలను ఎత్తడానికి ఆస్ట్రేలియా నుండి వచ్చిన క్రేన్లను, ఒక్కొక్క భవనానికి నాలుగు చొప్పున వాడారు. అంతస్తుల వెంట పైకి దూకుతూ పోయే ఆ క్రేన్లకు కార్మికులు కంగారూలని ముద్దుపేరు పెట్టారు.

దుబాయిలో 2010లో ప్రారంభమైన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో ఈ మూడు ప్రశ్నలకూ సమాధానాలు ఒకచోట కలిశాయి. దాని ఇంజనీరు బిల్ బేకర్ ఆరు పలకల మధ్యభాగానికి మూడు రెక్కలను ఆనించి, ఒకదానిని మరొకటి కాచుకొనే రూపాన్ని కల్పించాడు. రెక్కలు ఒకే ఎత్తున కాక మెట్లుమెట్లుగా ముగియడం వల్ల భవనపు రూపం పైకి పోయేకొద్దీ మారుతూ ఉంటుంది. అందువల్ల గాలి సుడులు ఒకే లయలో ఏర్పడలేవు. ఇక ఎత్తే పని సంగతి. కాంక్రీటును క్రేన్లతో తొట్టెలలో మోయించక, గొట్టాల ద్వారా 606 మీటర్ల ఎత్తుకు పంపులతో నెట్టారు. శిఖరాన ఉన్న ఉక్కు శూలాన్ని భవనం లోపలే అమర్చి, జాకీలతో బయటికి ఎత్తారు.

పని ముగిశాక శిఖరాన మిగిలిన క్రేన్‌ను దించడం కూడా ఒక విద్య. పెద్ద క్రేన్ తనకంటె చిన్నదాన్ని పైకి ఎత్తుతుంది. ఆ చిన్నది పెద్దదాన్ని ముక్కలుగా విప్పి దించుతుంది. దానిని ఇంకా చిన్నది దించుతుంది. చివరిదాన్ని మనుషులే విప్పి లిఫ్టులో కిందికి తెస్తారు.

బాధ్యత

ఇంతటి గణితమూ ఒక చిన్న అలక్ష్యానికి ఓడిపోవచ్చు. 2008 మార్చి 15న న్యూయార్క్‌లోని ఒక నిర్మాణ స్థలంలో టవర్ క్రేన్‌ను మరింత ఎత్తుకు పెంచుతుండగా, దానిని భవనానికి బంధించే దాదాపు 5 టన్నుల ఉక్కు పట్టె జారిపడింది. దానిని వేలాడదీసిన నేత పట్టీలు తెగడమే కారణం. వాటిలో ఒకటి అప్పటికే బాగా పాడైపోయిందని దర్యాప్తులో తేలింది. క్రేన్ కూలి ఏడుగురు మరణించారు. వందల టన్నుల యంత్రం భద్రత ఆనాడు ఒక పాత పట్టీ మీద ఆధారపడింది.

కాగితం మీది పొరపాటు దీనికంటె లోతైనది. న్యూయార్క్‌లో 1977లో పూర్తయిన 59 అంతస్తుల సిటీకార్ప్ భవనం నాలుగు మూలల మీద కాక, నాలుగు భుజాల మధ్యన నిలిపిన ఎత్తైన కాళ్ల మీద నిలిచింది. ఒక మూలన ఉన్న చర్చికి చోటు విడవడమే అందుకు కారణం. 1978లో విద్యార్థుల నుండి వచ్చిన ప్రశ్నల వల్ల దాని ఇంజనీరు విలియం లెమెజరియర్ తన లెక్కలను మళ్లీ పరిశీలించాడు. వెల్డింగ్ చేయవలసిన అతుకులను బోల్టులతో బిగించినట్లు ఆయనకు తెలిసివచ్చింది. మూలలవైపు నుండి ఏటవాలుగా వీచే పెనుగాలికి ఆ అతుకులు ఆగవని ఆయన లెక్కించాడు. మౌనంగా ఉంటే ఆయన కీర్తి నిలిచేది. భవనం నిలుస్తుందన్న నమ్మకం లేదు. ఆయన యజమానులకు నిజం చెప్పాడు. ఆ ఏడాదే రాత్రివేళల్లో పనిచేసి, 200కు పైగా అతుకులకు రెండంగుళాల మందం గల ఉక్కు పలకలను వెల్డింగ్ చేశారు. అయితే ఈ సంగతి 1995 వరకు ప్రజలకు తెలియలేదు. దోషాన్ని అంగీకరించిన ధైర్యాన్ని ఎందరో మెచ్చుకున్నారు. ఆ భవనంలో పనిచేసేవారికి, దాని నీడన నివసించేవారికి ప్రమాదాన్ని చెప్పకుండా దాచడం న్యాయమేనా అన్న ప్రశ్న మాత్రం నేటికీ ఇంజనీరింగ్ తరగతులలో చర్చకు వస్తూనే ఉంది.

నేడు హైదరాబాదు నగరపు పడమటి శివార్లలోనూ నలభై, యాభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. వాటి చెంత టవర్ క్రేన్లు చేతులు చాచి నిలుచున్నాయి. ఆ దృశ్యాన్ని చూసే విద్యార్థికి ఎత్తు ఒక్కటే కనబడితే చాలదు. గాలిని లెక్కించినవాడు, బరువును తూచినవాడు, పట్టీ పాడయిందేమోనని తడిమి చూచే కార్మికుడు, లెక్క సరియేనా అని అడిగే విద్యార్థి – ఈ నలుగురిలో ఏ ఒక్కరు అలక్ష్యం చేసినా మిగిలిన ముగ్గురి శ్రమ నిలవదు.

కఠిన పదాలకు అర్థాలు

హర్మ్యం = మేడ
చట్రం = బరువును మోసే కూర్పు
పరాకాష్ఠ = మిక్కిలి ఉన్నత స్థితి
ఏతం = బావి నుండి నీరు తోడే సాధనం
ప్రతిభారం = ఎదుటి బరువుకు సమతూకంగా ఉంచే బరువు
అలక్ష్యం = అశ్రద్ధ

ప్రశ్నలు

1. ఆకాశహర్మ్యం నిలవవలసిన మూడు పరీక్షలు ఏవి?
2. ఫజ్లుర్ రహమాన్ ఖాన్ గొట్టపు భావనను వెదురు బొంగుతో పోల్చి వివరించండి.
3. భవన రూపకల్పనకూ క్రేన్ ఎంపికకూ గల సంబంధాన్ని ఉదాహరణలతో తెలపండి.
4. లెమెజరియర్ ప్రవర్తనలో మెచ్చదగినది ఏది? ప్రశ్నింపదగినది ఏది? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.