కాఫీ కూజా, కంప్యూటరు, విద్యార్థి

కంప్యూటరు శాస్త్రంలో పట్టం పుచ్చుకొని విశ్వవిద్యాలయం వదలి వచ్చిన మాకు, అక్కడి ఉపన్యాసాల కంటే సాయంకాలాలు ప్రయోగశాలలో గడిపిన గంటలే తరచుగా జ్ఞప్తికి వస్తుంటాయి. ఆ గంటలలో మేము చేసినది చదువా, ఆటా అని పెద్దలు ప్రశ్నించినప్పుడు సమాధానం చెప్పలేక తలవంచుకొన్నాము. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు 1961లో పి.డి.పి.-1 అనే కంప్యూటరు వచ్చింది. దాని వెల ఆ రోజులలో సుమారు 1,20,000 డాలర్లు. జ్ఞాపకశక్తి మాత్రం 4,096 పదాలు. నేడు మన జేబులోని ఫోను తీసే ఒక్క ఛాయాచిత్రానికి కూడా ఆ చోటు చాలదు. అంతటి అమూల్యమైన యంత్రం మీద స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు 1962లో ‘స్పేస్‌వార్’ అనే ఆటను నిర్మించారు. నడుమ ఒక నక్షత్రం, దాని చుట్టూ పోరాడే రెండు వ్యోమనౌకలు. సైను, కొసైను లెక్కించే క్రమణిక లేదని రసెల్ కొంతకాలం జాప్యం చేయగా, ఆలన్ కోటాక్ అనే మిత్రుడు యంత్రాన్ని తయారుచేసిన సంస్థకే వెళ్ళి దానిని తెచ్చి ఆయన ముందుంచాడు. ఇటువంటి మిత్రుడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు!

ఇందులో మేము ముఖ్యంగా గమనించవలసినదిగా భావించే విషయం ఒకటున్నది. తెర మీది బొమ్మ మినుకుమినుకుమనకుండా ఉండాలంటే, యంత్రం రెండు నౌకల స్థానాలను క్షణక్షణమూ లెక్కించి, ప్రతి చుక్కనూ మరల మరల చిత్రించాలి. దీనికి నక్షత్రపు ఆకర్షణను కూడా చేర్చబోతే కాలం చాలలేదు. అప్పుడు డాన్ ఎడ్వర్డ్స్ ఒక ఉపాయం పన్నాడు. నౌకల ఆకృతిని ప్రతిసారీ పట్టికలో చదివి అర్థం చేసుకొనే బదులు, ఆట ఆరంభంలోనే ఒక్కసారి యంత్రాజ్ఞలుగా మార్చివేశాడు. అలా మిగిలిన కాలంలో రెండు నౌకలకు గురుత్వాకర్షణ అమరింది. టార్పెడోలకు మాత్రం అమరలేదు. అవి నక్షత్రాన్ని లక్ష్యపెట్టక తిన్నగా పోయేవి. కాలాన్ని పొదుపు చేయడమనే ఈ విద్యను మేము పాఠ్యగ్రంథంలో చదివి మార్కులు తెచ్చుకొన్నాము. వారు ఆట కోసం కనుగొన్నారు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జరిగినది ఇంకా వినోదకరం. అక్కడి కంప్యూటరు ప్రయోగశాలలో అందరికీ కలిపి ఒకే కాఫీ కూజా. దూరపు గదులలోనివారు మెట్లెక్కి వచ్చేసరికి అది తరచుగా ఖాళీ. 1991లో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌జ్కీ అనువారు కూజా ఎదుట ఒక కెమెరా నిలిపి, దాని చిత్రం తమ బల్లల మీది తెరలపై కనబడే ఏర్పాటు గావించారు. 1993లో ఆ చిత్రం ప్రపంచమంతటికీ అందుబాటులోకి వచ్చింది. 2001 ఆగస్టు 22న కెమెరాను ఆపివేసేవరకు, ఒక కూజాలో కాఫీ ఉన్నదా లేదా అని దేశదేశాలవారు చూస్తూనే ఉన్నారు.

ఇక మా సంగతి. మేము చదివినచోట ఆటలు నిషిద్ధమని గోడమీద వ్రాసి ఉండేది. మేము పులిజూదాన్ని కంప్యూటరుకు నేర్పబోయాము. మూడు పులులు, పదిహేను మేకలు. పటంలోని ప్రతి కూడలికీ ఒక సంఖ్య ఇచ్చి, దేని ప్రక్కన ఏది ఉన్నదో ఒక పట్టిక, ఎక్కడినుండి ఎక్కడికి పులి దూకవచ్చునో మరొక పట్టిక వ్రాశాము. మొదటిరోజు మా పులి మేకమీదుగా దూకి పటం బయటికే పోయింది! ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన మా మిత్రుడు నేలమీద సుద్దతో పటం గీసి, చింతగింజలు పేర్చి, పొరపాటు రెండవ పట్టికలో ఉన్నదని చూపాడు. మూడు వారాల శ్రమ ముగియవస్తున్న తరుణంలో పర్యవేక్షకులు అది ఆట అని తెలుసుకొని తుడిపివేయించారు. వారిని నిందించడం లేదు. యంత్రాలు తక్కువ, పరీక్షలు దగ్గర. అయినా ఆ తర్వాత మా మిత్రుడు సొంతంగా ఒక్క క్రమణికనైనా వ్రాయలేదు. అది మమ్ము నేటికీ బాధిస్తున్నది.

కళాశాల పాలకవర్గం వారికి మా మనవి స్వల్పమైనది. వారానికి రెండు సాయంకాలాలు, తరగతులు ముగిసిన పిదప ఒక్క గంట, ప్రయోగశాల తెరచి ఉంచండి. ద్వారం వద్ద ఒక పుస్తకం పెట్టి, ఎవరు ఏమి నిర్మిస్తున్నారో తెలుగులోనో, ఉర్దూలోనో వారిచేతనే వ్రాయించండి. ఇతరులు చేసిన ఆటలు ఆడుకొనేవారిని బయటికి పంపినా మాకు అభ్యంతరం లేదు. తామే నిర్మించుకొంటున్న దానిని మాత్రం, పూర్తి అయ్యేవరకు తుడిపివేయించకండి.