మన సీమలో చిన్న రైలు

పాఠ్యభాగ పరిచయం

చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు ఊళ్లను కలుపుతూ ఒకప్పుడు చిన్న రైలు నడిచేది. అది ఎందుకు వచ్చింది? సరుకులను ఎలా చేరవేసింది? ఎందుకు ఆగిపోయింది? ఈ సంగతులను ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠం

మన ప్రాంతంలో జీవనదులు లేవు. చెరువుల కింద వరి, మెట్ట పొలాలలో రాగి, వేరుశెనగ పండిస్తారు. రైలు రాకముందు ఈ పంటలను దూరపు అంగళ్లకు చేర్చడానికి ఎద్దుల బండే ఆధారం. సరుకు చేరడానికి రోజులు పట్టేది. దారిలో వాన వస్తే మూటలు తడిసేవి. పంట బాగా పండిన ఏడు కూడా రైతుకు తగిన ధర దొరికేది కాదు.

అప్పుడు ఈ ప్రాంతం మైసూరు సంస్థానంలో ఉండేది. 1912 నుండి 1918 వరకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ సంస్థానానికి దివానుగా పనిచేశారు. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి చిక్కబళ్లాపురానికి దగ్గరలోనే ఉంది. ఆ కాలంలో సంస్థానంలో రైలు మార్గాలు పెరిగాయి. 1913లో బంగారుపేట, కోలారుల మధ్య చిన్న రైలు మార్గం మొదలయింది. బంగారుపేటను అప్పుడు బౌరింగ్‌పేట అనేవారు. 1915లో బెంగళూరు వైపు నుండి దేవనహళ్లి మీదుగా చిక్కబళ్లాపురం దారిలో మరొక మార్గం వచ్చింది. 1918 నాటికి ఈ రెండు మార్గాలు కలిశాయి. యలహంక నుండి బంగారుపేట వరకు సుమారు 150 కిలోమీటర్ల దారి ఏర్పడింది. బాగేపల్లికి మాత్రం ఈ రైలు రాలేదు. అక్కడివారికి రోడ్డే దిక్కయింది.

ఈ రైలును చిన్న రైలు అని ఎందుకు అంటారు? రెండు పట్టాల మధ్య ఉండే దూరాన్ని గేజి అంటారు. బ్రాడ్ గేజిలో ఈ దూరం 1676 మిల్లీమీటర్లు. మీటరు గేజిలో 1000 మిల్లీమీటర్లు. మన చిన్న రైలుకు 762 మిల్లీమీటర్లే, అంటే రెండున్నర అడుగులు. దారి ఇరుకైనది కాబట్టి ఇంజను చిన్నది, పెట్టెలు చిన్నవి, వంతెనలు చిన్నవి. అందువల్ల ఖర్చు తక్కువ. తక్కువ రాబడి ఉన్న ప్రాంతాలకు కూడా రైలు వేయగలిగారంటే దానికి ఈ పొదుపే కారణం.

ఇటువంటి మార్గాలలో ముఖ్యమైన స్టేషనుకు ఒక గూడ్సు షెడ్డు ఉండేది. దాని పక్కన ప్రధాన మార్గం నుండి చీలిన పట్టాల దారి ఒకటి ఉండేది. దానిని సైడింగు అంటారు. రైతులు, వర్తకులు మూటలను బండ్లలో తెచ్చి షెడ్డులో దించేవారు. గుమాస్తా వాటిని తూచి, చిరునామా చీటీ కట్టించి, రసీదు ఇచ్చేవాడు. ఆ రసీదును వర్తకుడు అవతలి ఊరికి టపాలో పంపేవాడు. అక్కడ రసీదు చూపినవారికే సరుకు దక్కేది. హమాలీలు మూటలను పెట్టెలోకి ఎక్కించేవారు. తలుపు మూసి సీసపు ముద్ర వేసేవారు. గడువులోగా పెట్టెను ఖాళీ చేయకపోతే డెమరేజి అనే అదనపు రుసుము కట్టవలసి వచ్చేది. తిరుగు దారిలో ఉప్పు, కిరసనాయిలు, ఎరువుల వంటి సరుకులు వచ్చేవి. ఒక చిన్న షెడ్డును నమ్ముకొని హమాలీలు, బండివాళ్లు, గోనెసంచుల వర్తకులు, టీ అంగళ్లవారు బ్రతికేవారు.

చిన్న గేజి వల్ల ఒక పెద్ద చిక్కు కూడా ఉంది. చిన్న పెట్టె పెద్ద పట్టాల మీద నడవదు. బంగారుపేటలో బ్రాడ్ గేజి దారి ఉంది. చింతామణిలో ఎక్కించిన మూట మద్రాసు చేరాలంటే బంగారుపేటలో దించి, మరొక పెట్టెలోకి ఎక్కించాలి. దీనివల్ల కూలి రెండింతలయ్యేది. కాలం వృథా అయ్యేది. సంచులు చిరిగి సరుకు నేలపాలయ్యేది. లారీ వచ్చిన తరువాత ఈ లోపం మరింత స్పష్టమయింది. లారీ కళ్లం దగ్గరే సరుకు ఎక్కించుకొని అంగడి వాకిట దించుతుంది. మధ్యలో మూటను ముట్టుకోనక్కరలేదు. పాతబడిన ఇంజన్లు, పెట్టెలు మెల్లగా నడిచేవి. క్రమంగా సరుకు రోడ్డెక్కింది. గూడ్సు షెడ్లు బోసిపోయాయి.

1992లో రైల్వేశాఖ వేరువేరు గేజిలను తగ్గించి దేశమంతటా బ్రాడ్ గేజి వేసే పథకాన్ని చేపట్టింది. 1990వ దశకంలో యలహంక–చిక్కబళ్లాపురం, బంగారుపేట–కోలారు భాగాలు బ్రాడ్ గేజిగా మారాయి. నడుమ ఉన్న చిక్కబళ్లాపురం–కోలారు భాగంలో మాత్రం చిన్న రైలు ఆగిపోయింది, పెద్ద రైలు రాలేదు. పదిహేనేళ్లకు పైగా శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం ప్రజలకు రైలే లేదు. 2013లో ఈ భాగంలో కూడా బ్రాడ్ గేజి పూర్తయింది. ఇప్పుడు చింతామణిలో ఎక్కినవారు పట్టాలు మారకుండా బెంగళూరు చేరవచ్చు. ఇది గొప్ప మేలు.

అయితే సరుకుల సంగతి వేరు. నేటి గూడ్సు బండికి నలభైకి పైగా పెట్టెలుంటాయి. ఒక్కొక్క పెట్టె సుమారు 60 టన్నులు మోస్తుంది. నలభై పెట్టెలు నింపాలంటే 2400 టన్నుల సరుకు కావాలి. అంటే క్వింటాలు బస్తాలు 24,000! బొగ్గు గనికి, సిమెంటు కర్మాగారానికి ఇది సులభం. పది బస్తాల రాగి పండించిన రైతుకు అటువంటి బండితో ఏమి పని? చిన్న రైలు నెమ్మదిగా నడిచినా అతని పది బస్తాలను కాదనలేదు. పెద్ద రైలుకు వేగం ఉంది, బలం ఉంది. కాని చిన్న మూటకు దానిలో చోటు దొరకడం కష్టమయింది.

దీనికి దారి లేకపోలేదు. రైతులు కలిసి సరుకు కూడబెడితే రైలు నిండుతుంది. పండ్లు, కూరగాయల కోసం 2020లో కిసాన్ రైళ్లు మొదలయ్యాయి. 2021లో కోలారు జిల్లాలోని ఒక చిన్న స్టేషను నుండి మామిడిపండ్లు అటువంటి రైలులో ఢిల్లీకి వెళ్లాయి. ఒక్కొక్క తోట చిన్నదే. అన్ని తోటల పంట కలిసినప్పుడు రైలు స్టేషను ముందు నిలిచింది.

పాత రైలు గుర్తులు నేటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. దేవనహళ్లి, నంది హాల్ట్ వంటి చోట్ల ఆనాటి స్టేషను కట్టడాలను కాపాడే పని జరిగింది. 1979లో నెలకొల్పిన మైసూరు రైలు మ్యూజియంలో పాత ఇంజన్లను, పెట్టెలను చూడవచ్చు. కాని షెడ్డులో మూటలు మోసినవారి అనుభవాలు ఏ మ్యూజియంలోనూ లేవు. అవి మన ఊళ్లలోని పెద్దల జ్ఞాపకాలలో ఉన్నాయి. వాటిని అడిగి తెలుసుకొని రాసి పెట్టడం మన పని.

కొత్త పదాలు

సంస్థానం = రాజు పాలనలో ఉన్న రాజ్యం
దివాను = సంస్థానపు ప్రధానమంత్రి
హమాలీ = మూటలు మోసే కూలివాడు
కళ్లం = పంట నూర్చే చోటు
బోసిపోవు = కళ తప్పు

ప్రశ్నలు

1. గేజి అంటే ఏమి? మూడు రకాల గేజిల కొలతలు రాయండి.
2. గూడ్సు షెడ్డులో సరుకు అప్పగించే పద్ధతిని వరుసగా వివరించండి.
3. చిన్న రైలు వల్ల కలిగిన మేలు ఏది? చిక్కు ఏది?
4. “చిన్న రైలు అతని పది బస్తాలను కాదనలేదు” – ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.
5. మీ ఊరి పంట అంగడికి ఎలా చేరుతుందో పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.